పేరు వద్దన్న గొంతు

డెనీస్ హార్పర్ లోపలికి అడుగు పెట్టగానే రాజారావు కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. వెండిరంగు కోటు, అరవై దాటినా వంగని నడుము, పోస్టర్ల మీద చూసిన అవే పెద్ద కళ్ళు. కాకపోతే ఆ కళ్ళలో ఇవాళ భయం ఉంది.

ఆవిడ పాడిన "మిర్రర్ బాల్ స్నో" వినకుండా అమెరికాలో డిసెంబరు దాటడం ఎవరి తరమూ కాదు. 1978 నాటి డిస్కో పాట. క్రిస్మస్ వస్తే చాలు, పాలడబ్బా కొనడానికి వెళ్ళినా అదే, డాక్టరు దగ్గర కూర్చున్నా అదే. డ్రమ్ములూ మువ్వలూ హోరెత్తుతూ సాగే పాట మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. మువ్వల చప్పుడు మీద ఒక ఆడగొంతు, మాటల్లేకుండా, ఒట్టి 'ఆ...' అంటూ పైపైకి వెళ్ళి మెల్లగా దిగివస్తుంది. తర్వాత మళ్ళీ డ్రమ్ములు. ఆ అర నిమిషం వల్లే పాట ముప్పై ఏళ్ళు బతికిందని గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

"ఆ గొంతు నాది కాదు," అంది డెనీస్ కూర్చోగానే.

ప్రైవేటు డిటెక్టివ్ దమయంతి ముఖంలో ఏ మార్పూ లేదు. ఫ్రీమాంట్‌లో దోసెల హోటలుకీ ట్యూషన్ సెంటరుకీ మధ్య ఉన్న ఆ ఆఫీసులో ఆవిడ ఇంతకన్నా వింతలు విన్నది. రాజారావు మాత్రం నోరు తెరిచాడు. చిప్‌ల కంపెనీలో రిటైరై, ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక ఆవిడ దగ్గర అసిస్టెంటుగా చేరినవాడాయన. తనకన్నా పదిహేనేళ్ళు చిన్నదైన ఆ మనిషి బుర్ర చూసి ఆశ్చర్యపోవడమే ఆయన అసలు ఉద్యోగం.

"మరెవరిది?" అడిగింది దమయంతి.

"తెలియదు. ఓక్లండ్‌లో బేకరీ కింద సెల్లార్‌లో రికార్డింగు. మా ప్రొడ్యూసర్ లెనర్డ్ బ్రిగ్స్ పక్కనున్న లాండ్రీలో ఎవరో బట్టలు మడతపెడుతూ కూనిరాగం తీస్తుంటే విని పిలుచుకొచ్చాడు. చీర, దానిమీద స్వెటర్, నుదుట ఎర్రటి బొట్టు. ఒక్కసారి పాడి వెళ్ళిపోయింది. లోకమంతా అది నా గొంతే అనుకుంది, నేనూ కాదనలేదు. ఇప్పుడు ముప్పయ్యో ఏడని కొత్త డిస్క్ వేస్తున్నారు. శుక్రవారం ప్రింటుకి వెళ్తుంది. ఈసారైనా ఆవిడ పేరు వెయ్యాలి. వెతుకుతున్నానని రేడియోలో చెప్పాను. మర్నాడే ఎవరో మగవాడు ఫోన్ చేశాడు."

"ఏమన్నాడు?"

"ఆవిణ్ణి వెతకొద్దు, పేరు బయటపెట్టొద్దు, ఇమిగ్రేషన్ వాళ్ళు పట్టుకుంటే బతుకులు పాడవుతాయి అన్నాడు. నావల్ల ఆవిడకేమైనా అయితే?"

డెనీస్ వెళ్ళాక దమయంతి ఆ అర నిమిషాన్ని హెడ్‌ఫోన్స్‌లో మళ్ళీ మళ్ళీ విన్నది. తర్వాత వాటిని రాజారావు చెవులకి తగిలించింది.

"గొంతు వదిలెయ్యండి. దాని కింద ఏముంది?"

మువ్వల అడుగున మెత్తటి చప్పుడు. టప్. కాసేపటికి మరో టప్, వెంటనే ఇంకోటి. రాజారావు ఉత్సాహంగా కాగితం మీద గీతలు గీశాడు. "మెషీన్ నాయిస్ అండీ. ఎనిమిది బీట్లకోసారి రిపీట్ అవుతోంది. ఒకటి, అయిదు, ఏడు."

"డిస్కోలో చప్పట్లు కొట్టేవాడు రెండుకీ నాలుగుకీ కొడతాడు. ఒకటికీ అయిదుకీ ఏడుకీ కొట్టేదెవరండీ?" దమయంతి కుడిచేత్తో తొడమీద చరిచి, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు వరసగా ఆనించింది. మళ్ళీ చరిచి చెయ్యి తిప్పింది, ఇంకోసారి చరిచి చెయ్యి తిప్పింది. "ఆది తాళం. వేళ్ళు చప్పుడు చెయ్యవు, చరుపులే వినిపిస్తాయి. మా అమ్మ ఎన్నేళ్ళు పాఠం చెప్పించినా నాకు సంగీతం రాలేదు, తాళం మాత్రం మిగిలింది. ఆవిడ అమెరికన్ డిస్కో పాడుతూ, తనకే తెలియకుండా తొడమీద తాళం వేసుకుంది."

రాజారావు ఒళ్ళు ఝల్లుమంది. పాతికేళ్ళుగా షాపింగ్ బండి తోసుకుంటూ తను విన్నది ఎవరో తెలుగింటి పిల్లో, తమిళపిల్లో, పాఠం ఒప్పజెప్పినట్టు వేసిన తాళమా!

మర్నాడు లెనర్డ్ బ్రిగ్స్‌ని కలిశారు. చేతికర్ర పట్టుకున్న ముసలాయన, ఆ గొంతు పేరెత్తగానే వెలిగిపోయాడు.

"గోడలకి దుప్పట్లు వేలాడదీసుకుని రికార్డు చేశాం ఆ రోజు. ఆవిడ పాడుతుంటే నా చెయ్యి మీటల మీదే ఉండిపోయింది. తర్వాతి వారం దుప్పట్లు పీకేసి, ప్రతిధ్వని రాకుండా గోడలనిండా గుడ్ల అట్టలు అంటించాను. ఆవిణ్ణి మళ్ళీ పిలిచి ఆల్బమంతా పాడించాలని."

"మరి పేరెందుకు వెయ్యలేదు?"

"వద్దని కబురు పంపింది. పాడనని కూడా చెప్పించింది."

"ఎవరితో?"

"ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఆవిడే అడిగితే తప్ప చెప్పను."

ఆవిణ్ణి పట్టుకోవడం కష్టం కాలేదు. ఆ రోజుల్లో బర్క్లీ, ఓక్లండ్ చుట్టుపక్కల దక్షిణాది కుటుంబాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. నలుగురు పాతకాపుల్ని అడిగితే నలుగురూ ఒకే పేరు చెప్పారు. లక్ష్మీకాంతం. బ్రహ్మాండంగా పాడేది, ఎందుకో ఒక్కసారిగా మానేసింది. ఇప్పుడు ఫ్రీమాంట్‌లోనే ఉంటోంది.

తలుపు తీసింది ఆవిడ భర్త విశ్వనాథం. మర్యాదస్తుడు, అతి మర్యాదస్తుడు. దమయంతి ఓక్లండ్‌లో ఒక స్టూడియో అనగానే కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"మీరు పొరబడ్డారండీ. మావిడకి ఆ పాటలూ గీటలూ ఏం తెలుసు?"

"పాడానండీ, ఒక్కసారి," అంది లక్ష్మీకాంతం నెమ్మదిగా. "గోడలకి దుప్పట్లు వేలాడేసి ఉన్నాయి. ఆ గొంతు నాదే. అయినా అది పాట కింద లెక్క కాదులెండి. సందు పూడ్చడానికి వాడారట. మువ్వలకీ డప్పులకీ పేరు వేస్తారా ఎవరైనా? అందుకే డిసెంబరులో నేను షాపులకి పోను."

"చలి పడదు ఆవిడకి," అన్నాడు విశ్వనాథం.

మంచన్నదే పడని ఫ్రీమాంట్‌లో చలేమిటని రాజారావు మనసులో నవ్వుకున్నాడు.

"మీరు స్టూడియోకి వెళ్ళారా, సార్?" అడిగింది దమయంతి.

"నేనా? ఆ గుమ్మం తొక్కలేదు. నాకు క్లాసులతోనే సరిపోయేది. గోడలనిండా గుడ్ల అట్టలు అంటించుకుని, అదీ ఒక స్టూడియోనా! వాళ్ళేదో అంటే ఈవిడ పట్టుకుని కూర్చుంది."

దమయంతి కాఫీ బాగుందని మెచ్చుకుని లేచింది.

గురువారం సాయంత్రం ఆ ఇంటి హాల్లోనే అందరూ కూర్చున్నారు. డెనీస్, లెనర్డ్ సోఫాలో. లక్ష్మీకాంతం ఎదురుగా, చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ. విశ్వనాథం గుమ్మం దగ్గర. దమయంతి లక్ష్మీకాంతంతో తెలుగులోనూ, వచ్చినవాళ్ళతో ఇంగ్లీషులోనూ మాట్లాడింది.

"ఈవిడ పేరు వద్దందని లెనర్డ్ అంటారు. పేరు వెయ్యదగ్గ దాన్ని కానన్నారని ఈవిడ అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. అంటే కబురు మధ్యలో మారింది. మధ్యలో ఒక మనిషి ఉన్నారు. ఈవిడ పాడిన రోజు గోడలకి దుప్పట్లున్నాయి. గుడ్ల అట్టలు వారం తర్వాత వచ్చాయి, ఈవిడ వాటిని చూడనేలేదు. చూసినవారు ఆ గుమ్మం తొక్కలేదని మనతో చెప్పారు. డెనీస్ గారికి ఫోన్ చేసిందీ ఆయనే. ఒక పాట పాడితే ఇమిగ్రేషన్ వాళ్ళు పట్టుకుంటారని ముప్పై ఏళ్ళ తర్వాత కూడా భయపడేది ఎవరండీ? స్టూడెంట్ వీసా మీద బతికినవాళ్ళు తప్ప! విశ్వనాథం గారూ, మీరే చెప్తారా?"

విశ్వనాథం గోడకి ఆనుకున్నాడు.

"నేను ఎఫ్-వన్, తను డిపెండెంట్. తను వర్క్ చెయ్యకూడదు. పేరు ప్రింటయితే ఇద్దర్నీ పంపించేస్తారనుకున్నాను. నేనే వెళ్ళి వద్దని చెప్పాను. మళ్ళీ వెళ్ళి పాడతానంటుందని..." ఆయన భార్య వైపు తిరిగాడు. "వాళ్ళకి నీ పాట నచ్చలేదు, సందు పూడ్చడానికి వాడుకున్నారని చెప్పాను."

"సిటిజన్‌షిప్ వచ్చి పద్దెనిమిదేళ్ళయింది," అంది లక్ష్మీకాంతం. కోపంతో కాదు, అర్థంకాక.

"అప్పటికే చాలా ఆలస్యమైందనిపించింది కాంతం. ఏటా డిసెంబరు వచ్చేది, ఏటా ఇంకా ఆలస్యమయ్యేది. నువ్వు నన్ను క్షమించవని భయం. ఫోన్‌లో ఇమిగ్రేషన్ అన్నాను గానీ, అసలు భయం అదే."

లెనర్డ్ కర్ర ఊతంతో లేచి, లక్ష్మీకాంతం ముందుకొచ్చి తల వంచాడు. "ఆ గుడ్ల అట్టలు మీ కోసం అంటించానమ్మా," అన్నాడు. దమయంతి తెలుగులో చెప్పేలోపే ఆవిడకి అర్థమైంది.

డెనీస్ ఆవిడ చేతులు పట్టుకుంది. "స్టేజీ మీద ఆ చోటు రాగానే నేను నోరు మూసుకుని మీ టేపు వేయిస్తాను. గొప్ప గొప్పవాళ్ళు ప్రయత్నించారు. ఎవరివల్లా కాలేదు. రేపు ప్రింటయ్యే డిస్క్ మీద మీ పేరుంటుంది."

"నేనెప్పుడూ పూర్తిగా వినలేదండీ," అంది లక్ష్మీకాంతం. "మొదట్లో షాపులకి వెళ్ళినా, నా గొంతు వచ్చేసరికి బండి అక్కడే వదిలేసి షాపులోంచి బయటికొచ్చేసేదాన్ని. ఒక్కసారి వెయ్యండి."

పాట మొదలైంది. డ్రమ్ములు హోరెత్తి ఆగిపోయాయి. ఇరవై ఏడేళ్ళ లక్ష్మీకాంతం గొంతు హాలంతా నిండింది. లక్షల ఇళ్ళలో, తెలియని ఊళ్ళలో, ముప్పై క్రిస్మస్‌లు మోగిన గొంతు ఈ ఇంట్లోకి ఇప్పుడే వచ్చింది. రాజారావుకి దేవుడి గదిలో కూర్చున్నట్టనిపించింది. కళ్ళు తుడుచుకోవడానికి ఆయనేమీ సిగ్గుపడలేదు. లక్ష్మీకాంతం కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది.

"ఎంత బాగా పాడిందండీ ఆ పిల్ల!" అంది.

"కాంతం..." అంటూ విశ్వనాథం ఒక అడుగు ముందుకి వేశాడు.

"మీరెప్పుడైనా ఆఖరుదాకా విన్నారా దీన్ని?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అయితే కూర్చుని వినండి," అని ఆవిడ డెనీస్ వైపు తిరిగి, మళ్ళీ మొదటినుంచి వెయ్యమని సైగ చేసింది.