చొక్కా తడిస్తే కూలీ లేదు

"నీ చొక్కా తడవలేదు, సరే. మా దాదీ తడిసింది. దానికేమంటావు?"

నదీం నోట్లోని టీ నోట్లోనే ఉండిపోయింది.

షెడ్డు ముందు ఒక అమ్మాయి నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. నెత్తి నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయింది. చున్నీ కొసన నీళ్ళు ధార కడుతున్నాయి. ఆమె వెనక ఒక ఎర్ర కారు. మద్రాసులో తయారై అరవై ఏళ్ళు దాటిన బండి. పైన రేకు లేదు, మడిచి వెనక్కి తోసే గుడ్డ టాపు. వెనక సీట్లో ఆ పిల్ల నాయనమ్మ గుల్జార్ బేగం, తల మీద ప్లాస్టిక్ కవరు కప్పుకుని, పెళ్ళికూతురంత దర్జాగా కూర్చుని ఉంది.

"మేడమ్, పొద్దున మీ నాన్నగారి ముందే కదా నేను..."

"పొద్దున కార్లో కూర్చుంది నువ్వు. ఇప్పుడు కూర్చుంది మేం. నీకో వాన, మాకో వానా, నదీం భాయ్?"

వాన ఆమె మీద పడింది. వణుకు నదీంకి వచ్చింది. మేడమ్ అని పిలిచినవాణ్ణి పట్టుకుని భాయ్ అనాలా!

నరసరావుపేట పల్నాడు రోడ్డులో నదీం షెడ్డు తెలియని డ్రైవరు లేడు. కార్ల అద్దాలు బిగిస్తాడు. షెడ్డు మీద పేరు కన్నా పెద్ద అక్షరాలతో ఒక మాట రాయించుకున్నాడు: చొక్కా తడిస్తే కూలీ లేదు. పని అయ్యాక ఉతికిన తెల్ల చొక్కా తొడుక్కుని తనే కార్లో కూర్చుంటాడు. బయట నుంచి మూడు బకెట్ల నీళ్ళు కొట్టిస్తాడు. చొక్కా మీద ఒక్క చుక్క పడినా పైసా తీసుకోడు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా పడలేదు. అదీ అతని పొగరు.

ఆ పొగరు మీద ఈ పొద్దు దాదీ కొంగు పిండింది.

ఆ అమ్మాయి ఫాయిజా. కారు ఆమె నాన్న మక్బూల్‌ది. పెళ్ళి ఊరేగింపులకి తిప్పే కారు. ఫాయిజా డిగ్రీ అయ్యాక బేరాలు తనే మాట్లాడుతుంది, స్టీరింగ్ కూడా తనే పట్టుకుంటుంది. ఆడపిల్ల తోలే కార్లో మావాడు ఊరేగాలా అని మూతి తిప్పిన మగపెళ్ళివాళ్ళు ఉన్నారు. "అయితే నడిపించుకుపోండి, మోకాళ్ళకి మంచిది" అని ఫోన్ పెట్టేసింది. మళ్ళీ వాళ్ళే చేశారు.

మొన్న సత్తెనపల్లిలో మాత్రం నడిరోడ్డు మీద పరువు పోయింది. ఊరేగింపులో వాన పట్టుకుంటే టాపు వేశారు, అద్దాలు ఎక్కించారు. ఈ రకం కార్లకి డోర్ అద్దం చుట్టూ ఫ్రేమ్ ఉండదు. అద్దం ఒంటరిగా పైకి లేచి, టాపుకున్న రబ్బరుని నేరుగా కరుచుకోవాలి. అది కరవలేదు. పెళ్ళికూతురి కాటుక గడ్డం దాకా కారింది. మగపెళ్ళివాళ్ళు మక్బూల్‌ని చొక్కా పట్టుకున్నంత పని చేశారు. ఇంటికొచ్చి ఆయన కారు అమ్మేస్తానన్నాడు. హైదరాబాద్‌లో ఒక రిసార్టు ఆయన ఆదివారం లారీ పంపుతాడు. కారుని గేటు దగ్గర పెట్టి, దాని లోపల పూలమొక్కలు పెంచుతాడట!

"పూలమొక్కలు!" ఫాయిజా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే అవి వాననీళ్ళే అన్నట్టు తుడిచేసింది. "శనివారం సాయంత్రానికల్లా లోపలికి చుక్క రాకుండా చేస్తే అమ్మనన్నాడు మా అబ్బా. ఈ పొద్దు బుధవారం. చేత్తావా? చేతకాదంటే ఇప్పుడే చెప్పు, గుంటూరు పోతా."

"గుంటూరులో ఎవడున్నాడు నాకన్నా?"

"చొక్కా తడుపుకునేవాడు ఉంటాడేమో!"

గుల్జార్ బేగం వెనక సీట్లోంచి నవ్వింది. నదీం ఆ నవ్వుని కూడా బాకీలో రాసుకున్నాడు.

గురువారం కారుని జాకీల మీదకి ఎత్తాడు. పని చేసేవాడికి నడుం వంగకుండా ఉండాలంటే కారు ఎత్తులో ఉండాలి కదా. డోర్ రేకు విప్పాడు. అద్దం అడుగు పట్టుకునే బోల్టులు వదులు చేశాడు, అద్దాన్ని లోపలికి వంచాడు, రబ్బరు మార్చాడు. కారు దించి, తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాడు. మూడు బకెట్లు. చొక్కా పొడి. ఒళ్ళంతా మీసం మెలేసినంత గర్వం.

"ఇప్పుడు మీరు ఎక్కండి మేడమ్!"

ఫాయిజా ముందు, దాదీ వెనక. ఒక్క బకెట్.

"ఒరేయ్ అబ్బాయ్!" లోపల నుంచి దాదీ కేక. "నా మీద ఏం పగరా నీకు? చెవిలోకి కొట్టావు కదరా!"

మళ్ళీ నదీం ఎక్కాడు. పొడి. మళ్ళీ దాదీ ఎక్కింది. తడి.

"ఈ కారుకి నేనంటే పడదు," అని దాదీ తేల్చేసింది. "నా పెనిమిటికీ ఇంతే, నేనెక్కితేనే మొరాయించేవాడు."

ఫాయిజా మాత్రం నవ్వలేదు. కనుబొమలు ముడేసి కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. శుక్రవారం మధ్యాహ్నం ఒక పాత శుభలేఖ చేతిలో పట్టుకుని వచ్చింది. దాన్ని నిలువునా చింపి, ఒక ముక్కని అద్దానికీ రబ్బరుకీ మధ్య పెట్టి హ్యాండిల్ తిప్పింది. అద్దం లేచి ముక్కని కరిచి పట్టుకుంది.

"లాగు."

నదీం లాగాడు. రాలేదు.

"దాదీ, నువ్వెక్కు."

దాదీ ఎక్కి కూర్చుంది. ఎవరూ ముట్టుకోకుండానే శుభలేఖ ముక్క జారి కింద పడింది.

నదీం ఆ ముక్కని చూశాడు. కారుని చూశాడు. మోకాళ్ళ మీద కూలబడి డోర్ అడుగున చూశాడు.

"ఒంగుతుంది," అన్నాడు మెల్లగా. "కారే ఒంగుతుంది."

"ఆఁ! పైకప్పు ఉన్న కారుకి పైన కూడా ఎముక ఉంటది. దీనికి లేదుగా! మనుషులు కూర్చుంటే మధ్యలో కుంగుద్ది, డోర్ జరుగుద్ది, అద్దం పక్కకి పోద్ది. నువ్వేమో జాకీల మీద గాల్లో పెట్టి బిగిత్తన్నావు. పైగా ఒక్కడివే ముందు సీట్లో కూర్చుంటన్నావు, పిట్టంత మనిషివి!"

ఆ కారు నడుం ఊరికే పోలేదు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ దాన్ని ఊళ్ళ వెంట తిప్పారు. పెళ్ళికొడుకులు కూర్చుంటారు, పాపం. నాయకులు నిలబడతారు. పక్కన నలుగురు అనుచరుల్ని కూడా నిలబెట్టుకుంటారు. జనం భారం మోస్తామని మైకులో అరిచినవాళ్ళ భారమంతా ఈ కారు మోసింది. అన్ని జెండాలవాళ్ళూ ఎక్కారు. దిగాక డోర్ సరిగ్గా పడిందా లేదా అని వెనక్కి తిరిగి చూసినవాడు ఒక్కడూ లేడు.

"అయితే మనుషుల్ని కూర్చోబెట్టే బిగించాలి," అంది ఫాయిజా.

"కుదరదు. పని నడిచేటప్పుడు బండిలో మనిషి ఉండకూడదు. మా ఉస్తాద్ నేర్పిన పద్ధతి."

"మీ ఉస్తాద్ పెళ్ళికి ఖాళీ కారు ఊరేగిందా?"

నదీం ఆరేళ్ళ పద్ధతి ఒక్క ప్రశ్నకి చచ్చింది. చచ్చినందుకు బాధ పడాలి కదా, అదేందో హుషారు పుట్టింది! జాకీ పిడి అందుకుని కారుని నేల మీదకి దించేశాడు.

దాదీ రోజంతా కార్లో కూర్చోలేదు కదా. ఎదురుగా మిర్చి కొట్టు పుల్లారావుని అడిగితే రెండు మిరపకాయ టిక్కీలు ఇచ్చాడు. మనిషంత బరువు బస్తాలు. వాటిని వెనక సీట్లో పక్కపక్కన కూర్చోబెట్టి ఫాయిజా ఒకదానికి తన చున్నీ కప్పింది.

"ఇది పెళ్ళికూతురు."

"రెండోది?"

"పెళ్ళికొడుకు. ఘాటు తక్కువ, గింజలు ఎక్కువ."

శనివారం పొద్దున మొదలుపెట్టారు. ఫాయిజా స్టీరింగ్ ముందు కూర్చుని హ్యాండిల్ తిప్పాలి. నదీం బయట నిలబడి బోల్టు తిప్పాలి. మధ్యలో అద్దం. అద్దానికి అటు ఆమె ముఖం, ఇటు అతని ముఖం, జానెడు దూరం.

"ఎక్కించు. ఆగు. దించు. అర నూలు ముందుకి."

"అర నూలంటే ఎంత?"

"నీ గోరు మందం."

"నా గోరు ఎప్పుడు చూశావు?"

హాచ్! మిరపఘాటు ముక్కుకెక్కింది. ఆమె తుమ్మింది, అతను తుమ్మాడు, ఇద్దరూ ఒకేసారి తుమ్మారు. అద్దం మీద రెండు వైపులా ఆవిరి పట్టింది. ఆమె తన వైపు చేత్తో తుడిచింది. అతను తన వైపు తుడిచాడు. ఘాటుకి ఎర్రబడిన ఆ కళ్ళు, నీళ్ళు నిండి, నవ్వుతూ, సూటిగా తన మీదే.

నదీం చేతిలోని పానా జారి కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు.

అద్దం పూర్తిగా పైకెక్కి ఉంది. టాపు వేసి ఉంది. ఇంక వినపడదులే అనుకున్నాడు. బోల్టు వంక చూస్తూ గొణుక్కున్నాడు:

"ఈ పని అయిపోకపోతే బాగుండు. ఆదివారం రాకపోతే ఇంకా బాగుండు. ఇంత కోపిష్టి పిల్ల ఇంత అందంగా ఉంటే మనిషన్నవాడు బోల్టు ఎట్టా బిగిస్తాడు యా అల్లా!"

లోపల ఫాయిజా వేలెత్తి అద్దం పైమూల చూపించింది.

"ఇక్కడ ఇంకా సందుంది, నదీం భాయ్. ప్రతి మాటా వినపడుతుంది."

అతని ముఖం వెనక సీట్లోని సరుకు రంగుకి తిరిగింది.

సాయంత్రం దాకా తల వంచుకుని పనిచేశాడు. మొదట డోర్ మడతబందులు సరిచేశాడు, తర్వాత అద్దం. ఎడమ అద్దం, కుడి అద్దం. నాలుగు చోట్లా శుభలేఖ ముక్కలు పెట్టి లాగి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. ఫాయిజా చూపు పక్కకి తిప్పినప్పుడల్లా పెదవి చివర ఏదో వణికింది. అది కోపమా, నవ్వా? అర నూలు తేడా కనిపెట్టే కంటికి అది మాత్రం అంతుపట్టలేదు.

అయిదు గంటలకి మక్బూల్ వచ్చాడు, దాదీని వెంటబెట్టుకుని. ముఖం ముడుచుకునే ఉంది. నదీం అప్పటికే తెల్ల చొక్కా వేసుకుని డోర్ మీద చెయ్యేశాడు.

"నువ్వు కాదు," అన్నాడు మక్బూల్. "నువ్వు కూర్చుంటే పొడిగానే ఉంటది, చూశాగా. నువ్వు బయటుండు. మావాళ్ళు కూర్చుంటారు."

ఫాయిజా ముందు ఎక్కింది, తెల్ల సల్వార్‌లో. దాదీ వెనక ఎక్కింది. టిక్కీలు దింపేశారు కాబట్టి పెళ్ళికొడుకు బరువు కావాలన్నాడు మక్బూల్. తమాషా చూడ్డానికి వచ్చిన పుల్లారావు, రెండు టిక్కీలకి సమానమైన మనిషి, దాదీ పక్కన ఇరుక్కున్నాడు. కారు కిర్రుమంది.

"ఈ వయసులో నాకు ఊరేగింపేందిరా!" అంది దాదీ.

మక్బూల్ బకెట్ ఎత్తాడు. ఎత్తిన బకెట్ ఎత్తినట్టే ఉంది, ఆకాశం ముందుగా బోర్లించింది.

మామూలు వాన కాదు. కొటప్పకొండ వైపు నుంచి గోడ కదిలి వచ్చినట్టు వచ్చింది. రోడ్డు కనపడలేదు. టాపు మీద డప్పులు. మక్బూల్ షెడ్డులోకి పరిగెత్తాడు. నదీం కదల్లేదు. వానలో, కారు పక్కన, కళ్ళు అద్దానికి అప్పగించి నిలబడ్డాడు. ఒక్క చుక్క లోపలికి పోతే రేపు లారీ వస్తుంది. కారు పోతుంది. ఇంక ఆ పిల్ల ఈ షెడ్డు ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడదు.

"తడిసిందా?" అని అరిచాడు.

లోపల ఫాయిజా పెదాలు కదిలాయి. వినపడలేదు.

"ఏందీ?"

ఆమె అద్దానికి దగ్గరగా జరిగింది. అతని కళ్ళలోకి చూస్తూ, తొందరపడకుండా, ఏదో చాలా పొడుగు మాటే చెప్పింది. ఒక్క అక్షరం బయటికి రాలేదు. వెనక దాదీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పుల్లారావు కళ్ళు పెద్దవి చేశాడు.

నదీం అద్దానికి ముఖం ఆనించాడు. "తడిసిందా? చెప్పు! యాడ కారింది?"

అద్దం నాలుగు వేళ్ళంత దిగింది.

"వినపడలేదా?"

"లేదు!"

"ఒక్క ముక్క కూడా?"

"లేదంటున్నాగా!"

"అయితే పని కుదిరింది," అని అద్దం ఎక్కించేసింది.

అప్పటికి గానీ నదీంకి అర్థం కాలేదు. పొద్దున ప్రతి మాటా దూరిన సందులోంచి ఇప్పుడు మాట కూడా దూరలేదు. మాట దూరని చోట వాన ఎట్టా దూరుతుంది! నడిరోడ్డు మీద, నడివానలో, రెండు చేతులూ పైకెత్తి గంతేశాడు. మరుక్షణం ఆగిపోయాడు. ఇంతకీ ఏమంది?

అద్దం మీద కొట్టాడు. ఫాయిజా తల అడ్డంగా ఊపింది.

ఆ పక్క డోర్ తెరుచుకుంది. దాదీ ముందు సీటు వంచి తల బయటికి పెట్టింది. ఆ వాన ఆవిడ కొంగుని అప్పుడే మొదటిసారి తాకింది.

"ఒరేయ్ అబ్బాయ్! అది సిగ్గుపడుతుంది, నేను చెప్తా విను. పొద్దున నువ్వు బోల్టుతో చెప్పుకున్నదేదో మీ అమ్మని మా ఇంటికి పంపించి చెప్పించమంటంది. బోల్టు నిఖా చెయ్యలేదంట!"

"దాదీ!" అంది ఫాయిజా.

"నేను సాక్షి," అన్నాడు పుల్లారావు, ఇరుక్కున్న చోటి నుంచే.

మక్బూల్ షెడ్డులోంచి వచ్చాడు. ఎవరి వంకా చూడలేదు. వంగి కారు లోపల సీటు తడిమాడు, కింద మ్యాట్ తడిమాడు, అమ్మ చెవి వెనక కూడా తడిమాడు. అంతా పొడి. లేచి నదీం వంక చూశాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

"అయ్యా, మక్బూల్‌ని మాట్లాడుతున్నా. రేపు లారీ పంపొద్దు. కారు అమ్మట్లా... ధర సంగతి కాదండీ... మా ఇంట్లోనే పెళ్ళి పడేట్టుంది. ఊరేగింపుకి కావాలి."

ఈసారి అద్దం పూర్తిగా దిగింది. ఫాయిజా మోచెయ్యి డోర్ మీద పెట్టి, నిలువునా తడిసి ముద్దయిన మనిషిని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. తెల్ల చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కాలరు నుంచి నీళ్ళు ధార కడుతున్నాయి.

"నీ బోర్డు మీద ఏం రాసుంది?"

నదీం తల తిప్పి చదివాడు. వెర్రినవ్వు నవ్వాడు.

"చొక్కా తడిస్తే..."

"ఆఁ. అంతే మరి. కూలీ లేదు, నదీం."

భాయ్ వస్తుందేమోనని అతను వానలోనే నిలబడి చూశాడు. రాలేదు.