రెండు మోటల బాయి

కనకమామిడి దారిల రెండు మోటల బాయి ఉన్నది — రెండు జతల ఎద్దులతోని తోలు బొక్కెనల నీళ్లు తోడే బాయి. పొద్దుగుంకినంక ఎవ్వరూ అటు పోరు. నలభై ఏండ్ల కింద నా తమ్ముడు జంగయ్య మోట కొట్టుకుంటనే అండ్ల పడి సచ్చిండు. అప్పటిసంది లోపల పాట ఇనొస్తదని... అంటరు.

ఇప్పుడు దాని పక్కన సైన్సు మ్యూజియం కట్టిన్రు. పట్నం పిల్లలు బస్సులల్ల వస్తరు. గిరక తిరిగితే బరువు ఎట్ల లేస్తదో బాయి కాడనే నేర్చుకుంటరు. మంచిదే. కానీ చెప్పేదెవరు? మా ఊరి బాల్‌రాజ్. వాడు మైకు పట్టినోడే గాని పగ్గం పట్టినోడు కాదు. పద్దెనిమిదేండ్లు మోట కొట్టిన నన్ను పిలువలే.

మేఘ అని మా ఊరి బడిల పదో తరగతి పిల్ల, ఒక్కతే మా ఇంటికొచ్చింది.

"తాతా, బాల్‌రాజ్ సార్‌కు మోట పాట రాదంట. మీకొస్తదా?"

"వానికి ఎద్దు తోక యాడుంటదో ఎరుకనా?"

ఆమె ఫోన్ల పాడిన. రెండు మోటలంటే ఒకడు పాడాలె, ఇంకొకడు బదులియ్యాలె. జంగయ్య బదులిచ్చే జాగ, అలవాటుకొద్దీ... ఖాళీ ఇడిసిన.

మేఘ ఇచ్చిన ఆ పాటను మ్యూజియమోళ్లు, బాల్‌రాజ్ ఇంటికి పోయినంక, స్పీకర్ డబ్బల వెట్టి బాయిల దించిన్రు. మనిషి దగ్గరికొస్తే అదే మోగుతదంట. బాయి కాడి బోర్డు మీద నా పేరు కూడబలుక్కొని సదివిన — రా... మ... న్న. బాల్‌రాజ్‌కు మాత్రం చెప్పొద్దన్న, జర జడుసుకోనీ అని.

ఆ మాపే వాడు మరిచిపోయిన కండ్లద్దాల కోసం బాయి కాడికి పోయిండు.

తెల్లారి చాయ్ హోటల్ కాడ నా చెవుల గుసగుస పెట్టిండు. "పాట ఇన్న, రామన్నా..."

నేను నవ్విన. "పిరికోడా, అది నా గొంతే. డబ్బల ఉన్నది."

"నీ గొంతు నాకెరుకలేదా? రెండోది ఎవరిది?"

మాపటికి మేఘను తోల్కపోయిన. ముందు ఫోన్ల ఇనిపిచ్చింది — నా గొంతు... ఖాళీ... నా గొంతు.

బాయి కాడికి పోయినం. నా గొంతు... ఇంకొక గొంతు...

"ఎకో, తాతా. గోడలకు తగిలి వాపస్ వస్తది. మొన్ననే నేర్చుకున్నం."

"ఎకో అంటే నేనన్న మాటే రావాలె గదా, బిడ్డా?"

"అవు."

"అది నా మాట కాదు."

మేఘ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

జంగయ్య బతికున్నప్పుడు సుత ఊరోళ్లంత వాని గొంతునే మెచ్చుకునేటోళ్లు. నన్ను మెచ్చుకున్నోడు లేడు. నేను మరువలే.

బాయి గడ్డ మీద వంగి తమ్మునితోని అన్న: "బోర్డు మీద నా పేరే ఉంటది. నీ పేరు రాయనియ్య."

పాట ఆగింది...

మల్ల మొదలైంది — ఈసారి నా చరణం సుత వాడే పాడుతున్నడు.