గోడ అవతలి తెర

2022 జులై 14, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. గోడ గడియారమూ, కంప్యూటర్ మూలనుండే అంకెలూ ఒకే మాట చెప్పాయి కాబట్టి ఆ వేళ విషయంలో కల్యాణికి ఈనాటికీ అనుమానం లేదు. మిగతా అన్నిటి మీదా ఉంది.

రాయ్‌పూర్‌లో ముసురు పట్టి అది మూడో రోజు. టాటీబంధ్ కూడలిలో లారీల హారన్లు వానకి తడిసి, మెత్తబడి, మూడో అంతస్తు దాకా వస్తున్నాయి. హాల్లో చాప మీద ఆరేళ్ళ నవ్య నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కల్యాణి గోడవారన ఉన్న బల్ల ముందు కూర్చుని పెళ్ళికార్డు దిద్దుతోంది.

ఆమె చేసే పని అదే. తెలీబంధాలో సాహూజీ ప్రెస్సుకి ఎప్పుడైనా తెలుగు కార్డు తగిలితే, ఇంట్లోనే తయారుచేసి పంపుతుంది. సాహూజీకి తెలుగు అక్షరం ముక్క రాదు. "భాభీజీ, మీరు జిలేబీలు చుట్టి పంపండి, అచ్చెయ్యడం నా వంతు" అంటాడు.

ఈసారి కార్డు బయటివాళ్ళది కాదు, మరిది మణిదీప్‌ది. తల్లి పోతే ఏడాది తిరక్కుండా పెళ్ళి చెయ్యాలి, లేదా మూడేళ్ళు ఆగాలి. అది వాళ్ళింటి ఆనవాయితీ. అత్తగారు శేషమ్మ మాఘమాసం మొదట్లో పోయింది. అందుకని శ్రావణంలోనే ముహూర్తం పెట్టుకున్నారు.

శేషమ్మ పోయింది ధనిష్ఠా నక్షత్రంలో. అది మంచిది కాదని సొంతూరు టెక్కలి నుంచి పురోహితుడు ఫోనులో చెప్పాడు. ఆ నక్షత్రంలో పోయిన ప్రాణం తోడు లేకుండా కదలదట. ఆరు నెలలు ఇల్లు వదిలెయ్యమన్నాడు. ఉన్నపళాన అద్దె ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? కల్యాణి భర్త భీమారావు రోలింగ్ మిల్లులో పనిచేసే మనిషి, ఏదైనా కొలత చూసి కోసేద్దామనే రకం. "ప్రాణం పోయింది గదిలో గదా. గది మూసేస్తే సరిపోద్ది" అన్నాడు.

సరేనని గది మూశారు. కిటికీకి పలక కొట్టారు. వెంటిలేటర్‌కి మైదా జిగురుతో కాయితాలు అంటించారు. తలుపుకి తాళం వేసి పసుపు దారం చుట్టి, తాళంచెవి దేవుడి గూట్లో పెట్టారు. చీమ దూరే సందు లేదని భీమారావు తలుపు మీద తట్టి మరీ చెప్పాడు. కల్యాణి బల్ల వెనక, గోడకి వేలు పట్టేంత కన్నం ఉందని ఆ కంగారులో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆ కన్నంలోంచి ఒక నల్లటి వైరు శేషమ్మ గదిలోకి వెళ్తుంది.

ఆ వైరు మణిదీప్ లాగింది. శేషమ్మ మంచాన పడ్డాక రోజూ మధ్యాహ్నం ఊళ్ళో గుడి హారతి చూస్తానని పేచీ పెట్టేది. పని మధ్యలో కల్యాణి లేవలేక అవస్థ పడుతుంటే, నయా రాయ్‌పూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే మణిదీప్ ఒక చిన్న ఏర్పాటు చేశాడు. బల్ల మీద రెండు తెరలుంటాయి. ఒక్కటే వెలిగితే ఒక అమరిక. రెండూ వెలిగితే ఇంకో అమరిక. గోడ అవతల శేషమ్మ రిమోటు నొక్కి టీవీ పెట్టుకుంటే, కంప్యూటర్ దాన్ని మూడో తెరగా పోల్చుకుని, ఎవరూ ముట్టుకోకుండానే అమరిక మార్చుకుని హారతి అటు పంపేది. మారేటప్పుడు ఇవతలి తెరలు రెండు క్షణాలు నల్లబడేవి. "అదిగో, మీ అత్తగారు లేచారు" అని కల్యాణి తనలో తానే నవ్వుకునేది.

ఇప్పుడు ఆమె కార్డులో అత్తమామల పేర్లు కొట్టింది. కీ.శే. పాపయ్య, కీ.శే. శేషమ్మ గార్ల ద్వితీయ పుత్రుడు...

తెరలు రెండూ నల్లబడ్డాయి.

ఒకటి. రెండు. మళ్ళీ వెలిగాయి. కార్డు మాత్రం లేదు.

కరెంటు ఊగిందనుకుంది. మౌసు కదిపింది. బాణం కుడివైపు తెర అంచుదాకా వెళ్ళి, అక్కడ ఆగలేదు. అంచు దాటి గోడలోకి వెళ్ళిపోయింది.

కల్యాణి చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది. కుడివైపు ఇంకో తెర ఉంటే తప్ప బాణం అలా దాటదు.

మణిదీప్‌కి ఫోను చేసింది.

"మణీ, ఆఫీసులో కూర్చుని మనింటి కంప్యూటర్‌లో చెయ్యి పెట్టావా?"

"నాకేటి పని లేదా వదినా? ఇక్కడ మేనేజర్ నా నెత్తి మీద కూర్చున్నాడు."

"మూడో తెర వచ్చింది."

"టీవీ ప్లగ్గు పీకే కదా మూశారు?"

"మీ అన్నయ్యే పీకారు."

"అయితే అది వెలగదు వదినా. నువ్వే ఏదో నొక్కుంటావు. మూడు మీటలు కలిపి కొట్టు, కార్డు ఇటొచ్చేస్తుంది. అయినా ఆ గది తెరిచేద్దామంటే ఒక్కరూ వినరు. పెళ్ళికి చుట్టాలొస్తే ఎక్కడ పడుకుంటారు, టాటీబంధ్ వంతెన కిందా?"

ఆ ఆఖరి మాటతో కల్యాణికి అనుమానం గట్టిపడింది. నెలరోజులుగా మణిదీప్‌ది అదే పాట. ఇంకా పంతొమ్మిది రోజులుంది గడువు. దూరం నుంచి ఈ కంప్యూటర్ నడపడం అతనికి చేతనవును. మెయిల్ పాస్‌వర్డుతో సహా అన్నీ పెట్టిందే అతను. వదినని బెదరగొట్టి తలుపు తీయిద్దామని వేసిన ఎత్తేమో. ఆ అనుమానమే ఆమెకి కొంత ధైర్యం కూడా ఇచ్చింది. బతికున్న మనిషి వేసే వేషమైతే భయమెందుకు?

మూడు మీటలు కలిపి కొట్టింది. కార్డు గోడలోంచి జారి వచ్చినట్టు ఇటు వచ్చింది.

కీ.శే. పాపయ్య, శేషమ్మ గార్ల ద్వితీయ పుత్రుడు.

శేషమ్మ పేరు ముందున్న కీ.శే. లేదు.

ముందు చిరాకు వచ్చింది. తల్లి పేరుతో పరాచికాలా? ఆ కీ.శే. మళ్ళీ కొట్టింది. అక్షరం పూర్తయిందో లేదో తెరలు నల్లబడ్డాయి. ఈసారి ఆ చీకట్లో ఏదో వాసన... కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె. శేషమ్మ కాళ్ళకి రాత్రీ పగలూ కల్యాణే రాసేది. ఐదు నెలలుగా ఆ సీసా ఇంట్లో లేదు.

దేవుడి గూటి దగ్గరికి వెళ్ళి చూసింది. తాళంచెవి అక్కడే ఉంది. గది తలుపు చూసింది. దారం అలాగే ఉంది, ముడి మీద బొద్దింక గుడ్డు కూడా అంటుకుని ఉంది. తలుపుకి చెవి ఆనించింది. వాన చప్పుడు. దాని వెనక సన్నగా... టీవీ వెలిగి, మాట లేకుండా ఉన్నప్పుడు వచ్చే రొద.

గబగబా వచ్చి, మళ్ళీ గోడలోకి పోయిన కార్డుని ఆ మూడు మీటలతోనే వెనక్కి లాగింది.

పైన అంతా బాగానే ఉంది. కింద ఆహ్వానించే వాళ్ళ పేర్లు.

కీ.శే. భీమారావు – శ్రీమతి కల్యాణి.

ఆమె భర్త ఆ వేళకి మిల్లులో, కొలిమి పక్కన ఉంటాడు. ఫోను చేసింది. మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. ఆ కీ.శే. చెరపబోయింది. మీట నొక్కుతోంది గానీ అక్షరం కదలడం లేదు. నొక్కింది... నొక్కింది... వేలు నొప్పి పుట్టింది.

అప్పుడు కుడి అంచులోంచి బాణం తనంతట తాను ఇవతలికి వచ్చింది.

అది వణుకుతోంది. ఎన్నడూ మౌసు పట్టని ముసలి చెయ్యి పట్టుకున్నట్టు, కొంచెం కదిలి ఆగి, కొంచెం కదిలి ఆగి... భీమారావు పేరు మీదికి వచ్చి నిలబడింది.

మణిదీప్ చెయ్యి అలా వణకదు. అనుమానం అక్కడ చచ్చిపోయింది. కల్యాణి రెండు చేతులూ గోడకి ఆనించి, పిల్ల లేవకుండా గుసగుసగా అడిగింది.

"అత్తయ్యా... నేనండీ, కల్యాణిని. మీ కొడుకుని వదిలెయ్యండి. తోడు కావాలంటే ఇంకెవరినైనా... ఆయన్ని మాత్రం వద్దండీ."

తనని తీసుకెళ్ళమనే ఆమె ఉద్దేశం. ఆ ఒక్క మాటా పైకి రాలేదు.

బాణం కాసేపు కదల్లేదు. తర్వాత భీమారావు పేరు ముందున్న అక్షరాలు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. నెమ్మదిగా. ఆలోచించి ఒప్పుకున్నట్టు.

ఫోను మోగింది. భీమారావు.

"ఏటే, అన్నిసార్లు చేశావు? ఇక్కడ గోలగా ఉంది. షెడ్డు పైరేకు ఊడి పడింది. నేను నించునే చోటే. టీ కోసమని ఇవతలికొచ్చాను, లేకపోతే..."

"ఇంటికొచ్చెయ్యండి" అంది కల్యాణి.

బల్ల కిందికి వంగి, ఆ నల్ల వైరుని కంప్యూటర్ వెనక నుంచి ఊడబెరికింది. నేల మీద పడేసింది. ఇంక దారి లేదు కదా. లేచి మౌసు కదిపింది. బాణం అంచు దాకా వెళ్ళింది... దాటి గోడలోకి వెళ్ళిపోయింది.

కాళ్ళ దగ్గర ఏదో రాసుకున్నట్టయితే కిందికి చూసింది. వైరు కదులుతోంది. జానెడు... ఆగి, మరో జానెడు... గోడ కన్నంలోకి వెళ్ళిపోతోంది. అవతల ఎవరో తీరిగ్గా చుట్టుకుంటున్నట్టు. చివరి కొస కన్నం దగ్గర టక్కుమని తగిలి, అడ్డం తిరిగి, లోపలికి పోయింది.

ఆ కన్నంలోకి తొంగి చూడమని ఏ దేవుడు చెప్పినా ఆమె చూడదు. కంప్యూటర్ ప్లగ్గు గోడలోంచి లాగేసి, నిద్రపోతున్న నవ్యని ఎత్తుకుని, కింద అంతస్తు మెట్ల మీద భర్త వచ్చేదాకా కూర్చుంది.

భీమారావు వచ్చి అంతా విన్నాడు. బల్ల కింద వెతికాడు. వైరు లేదు. "నువ్వే లాగి ఎక్కడో పడేసుంటావు" అన్నాడు గానీ, భార్య మొహంలోకి చూడకుండా అన్నాడు. మణిదీప్ వచ్చాక అన్నదమ్ములిద్దరూ వంటింట్లోకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. ఏమి మాట్లాడుకున్నారో ఆమెకి చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న వాళ్ళు మాఘంలో చెయ్యాల్సిన పని చేశారు. ఆ గది జోలికి పోలేదు. దేవుడి పటాలు, బియ్యం, బట్టలు మూటలు కట్టి ఇల్లంతా తాళం వేశారు. ఊరి అవతల మందిర్ హసౌద్‌లో ఉండే భీమారావు చిన్నాన్న కూతురు త్రివేణి, తన మేడ మీద వాటా ఖాళీగా ఉందంది. కంప్యూటర్ని అక్కడే వదిలేశారు. మణిదీప్ బండి మీద వెనక వస్తున్నాడు. ఆటోలో నవ్యని మధ్యలో కూర్చోబెట్టుకున్నారు.

తెలీబంధా చెరువు దాటుతుండగా సాహూజీ ఫోను చేశాడు.

"భాభీజీ, పొద్దున్న ఐదింటికి మీ మెయిల్ నుంచి కార్డు వచ్చింది. అంత పొద్దున్నే లేచి చేశారా? నమూనా తీశాను, ఫొటో పంపుతున్నాను. ఒక్కచోట ఖాళీ వదిలారు. కావాలనే వదిలారా?"

ఐదింటికి కంప్యూటర్ ప్లగ్గు ఊడి ఉంది. కల్యాణి ఒకసారి వెనక్కి తిరిగి బండి మీద మణిదీప్‌ని చూసింది. అతను హెల్మెట్ అద్దం మీది వాన ఒక చేత్తో తుడుచుకుంటూ, ఏమయిందన్నట్టు తల ఎగరేశాడు.

ఫొటో తెరిచింది. అచ్చు చక్కగా వచ్చింది. కీ.శే. పాపయ్య, కీ.శే. శేషమ్మ. దాని పక్కనే ఇంకొక కీ.శే. తర్వాత కాస్త జాగా వదిలి, మిగతా వాక్యం.

ఎన్నో కార్డులు చేసిన చెయ్యి ఆమెది. అక్షరానికి ఎంత చోటు కావాలో కంటితోనే తెలుస్తుంది. ఆ జాగాలో భీమారావు పేరు పట్టదు. మణిదీప్ పేరూ పట్టదు. తన పేరు రాయబోతే ఆఖరి అక్షరం బయటికి వచ్చేస్తుంది.

"ఏంటమ్మా చూస్తున్నావు?" అంది నవ్య, ఫోను వైపు చెయ్యి చాపుతూ.