అమ్మ నొక్కిన చోటు

"నా ఉత్తరం ఎక్కడ దాచావమ్మా? రేపు సాయంత్రంలోగా చేరకపోతే నా సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు!"

తల్లి పనికి వేసుకువెళ్ళే తెల్లచొక్కాను ఒళ్ళో పెట్టుకుని మడతపెడుతూనే ఉంది. మడత కుదరలేదు... విప్పి మళ్ళీ పెట్టింది. పదహారేళ్ళుగా ఆమె వీధి చివర మసాజ్ కేంద్రంలో పనిచేస్తోంది. భర్త చనిపోయిన ఏడాది, మూడేళ్ళ పిల్లను అక్క ఒడిలో వదిలి, ముక్కూ మొహం తెలియనివారి వీపుల మీద చేతులు వేయడానికి ఎంత ఏడ్చిందో ఆమెకే తెలుసు! ఆ చేతులే ఈ పిల్లను చదివించాయి. ఇప్పుడా పిల్ల అదే పనిలో రెండేళ్ళ చదువుకని దూరపు ఊరు బయలుదేరుతుంటే... సీటు వచ్చిందన్న కాగితాన్నే దాచేసింది కన్నతల్లి!

పెద్దమ్మ చిక్కుళ్ళు తుంచుతూ మూలనుంచి అందుకుంది. "ఊరందరి నడుములూ నిలబెట్టి మీ అమ్మ తన నడుము వంచుకుంది. నీకూ ఆ యోగమే కావాలటే?"

"అప్పటిలా కాదు పెద్దమ్మా! ఇప్పుడు ఆసుపత్రుల్లో, ఆటగాళ్ళ దగ్గర, ముసలివాళ్ళ ఇళ్ళలో... ఎక్కడ చూసినా మసాజ్ థెరపిస్టులు కావాలంటున్నారు. అసలు సంగతి అది కాదులే. అమ్మకు తన పనంటేనే సిగ్గు!"

సిగ్గా!... తల్లి చొక్కా మడత మళ్ళీ విప్పింది.

"కాకపోతే ఒక్కసారి నా వీపు పట్టు చూద్దాం. నొప్పి తగ్గితే అందరూ నీ చేతి చలవే అంటారు. నాకెప్పుడైనా పట్టావా?" అంటూ ఆ పిల్ల మంచం మీద బోర్లా పడుకుంది.

తల్లి చొక్కా పక్కన పెట్టి లేచింది. కూతురి రెక్క ఎముక కింద రెండు బొటనవేళ్ళూ ఆనించింది.

"నొక్కమ్మా."

తల్లి మరికాస్త ముందుకు వంగింది.

"ఊరికే పెట్టి నిలబడ్డావేం? నొక్కు!"

"నొక్కుతూనే ఉన్నానే తల్లీ..."

ఆ పిల్ల గభాలున లేచి తల్లి చేతులు పట్టుకుంది. బొటనవేళ్ళ మొదళ్ళు వాచి, రాళ్ళలా గట్టిపడ్డాయి. తాకగానే తల్లి "అబ్బా!" అంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"మూడేళ్ళు... ముంజేత్తో చేయాలని, ఒంటి బరువు వేయాలని మాకెవరు చెప్పారే? నీ వేళ్ళలో మహిమ ఉందంటుంటే పొంగిపోయి వాటితోనే నొక్కాను. కొత్త పిల్లలు ముంజేతులు వాడుతుంటే పని చేతకాదని నవ్వాను కూడా! నిన్న మా యజమానురాలు ఇక రావద్దంది. ఈ చొక్కా తిరిగి ఇచ్చెయ్యాలి. సిగ్గు కాదమ్మా... నీ చేతులు కూడా ఇలా అయిపోతే నేను చూడలేను!"

"నా పక్కలోనే పడుకుంటూ ఒక్క మాట చెప్పలేదేమే, మొండిదానా!" పెద్దమ్మ చిక్కుళ్ళు వదిలేసి దగ్గరికి వచ్చింది.

"అందుకేనమ్మా నేను చదివి చేస్తానంటున్నది..." కూతురు వెక్కి వెక్కి ఏడ్చింది.

తల్లి పరుపు కింద చెయ్యి పెట్టి ఉత్తరం తీసి ఇచ్చింది. "పడుకో. అక్కడ ఎవరో నేర్పేలోగా నేనే ఒకటి నేర్పి పంపుతాను." ముంజేయి కూతురి వీపు మీద ఆనించింది. "బలం పెట్టకూడదట. ఊరికే ఒరగాలట..."

కానీ ఒరగలేకపోయింది. పదహారేళ్ళుగా ఎవరిమీదా ఒరగని మనిషి!

"ఇంకా రా అమ్మా... నాకేం కాదు."

మెల్లగా, భయపడుతూ, ఆమె బరువంతా కూతురి మీదికి దిగింది. చివరికి తల కూడా ఆనింది. ఆ పిల్ల మెడ తడిసింది. రేపు ఈ వేళకు ఆ మంచం ఖాళీగా ఉంటుందని ముగ్గురికీ తెలుసు. ఇక లేవమని మాత్రం ఎవరూ అనలేదు...