ఆరు చుక్కలు లేని ఫిల్మ్

సోమవారం పగలు పదకొండు గంటలకు పరిశోధనశాల డార్క్‌రూమ్ తలుపు పగలగొట్టారు. లోపల ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ముసలి టెక్నీషియన్ ఫిల్ములు కడిగే తొట్టి మీదికి వంగి, నీళ్ళలో ఏదో వెతుకుతున్నట్టు పడి ఉన్నాడు. మెడ వెనక దోమ కుట్టినంత ఎర్రమచ్చ. గుండె ఆగి చనిపోయాడని డాక్టరు రాసిచ్చాడు. చచ్చినవాడి గుండె ఆగకుండా ఎలా ఉంటుంది? ఆ రకంగా డాక్టరు అబద్ధమేమీ రాయలేదు.

పన్నెండున్నరకు, తాళాల దుకాణం పైనున్న గదిలో, గూఢచారి శాఖ అధిపతి ఆ ముసలాయన ఫొటోని బల్ల మీద పెట్టాడు. శాఖలో ఈయన్ని పెద్దాయన అంటారు.

"మన మనిషే. ఆరేళ్ళుగా ఆ ల్యాబ్‌లో మన కన్ను. పొద్దున పదింటికి ఫోన్ చేశాడు. 'ఫిల్మ్‌లో తేడా ఉంది' అన్నాడు. అంతే. లైన్ కట్."

ఎదురుగా కూర్చున్న ఏజెంటుని అందరూ మాస్టారు అంటారు. ఈ ఉద్యోగంలోకి రాకముందు నాలుగేళ్ళు కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశాడు. తుపాకీ పట్టుకున్నా సుద్దముక్క పట్టుకున్నట్టే ఉంటుందని జూనియర్లు నవ్వుకుంటారు.

"ప్రతి బుధవారం నాలుగింటికి ఆ ల్యాబ్ నుంచి ఎక్స్‌రే ఫిల్ములు విదేశానికి వెళ్తాయి" అన్నాడు పెద్దాయన. "కస్టమ్స్ వాళ్ళు దీపానికెత్తి చూస్తారు. చుక్కలు కనిపిస్తాయి. ఇదేదో పెద్ద సైన్సని దణ్ణం పెట్టి పంపేస్తారు. ఆ చుక్కల్లోనే ముఠా సందేశాలు పోతున్నాయి."

"ఈ బుధవారం ఏం పోతోంది సర్?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచాడు. మాటలు నమిలే అలవాటు లేని మనిషి ఈసారి నమిలాడు.

"వాళ్ళ ఫోన్లు చాటుగా వింటే తెలిసింది. అవతల మనవాళ్ళలో ఒకరి ఇంటి నంబరు. ఆ ఊళ్ళో వీధులకు పేర్లుండవు, అన్నీ అంకెలే. వీధి, ఇల్లు, వాటా. మొత్తం ఆరంకెలు. ఫిల్మ్ గురువారం పొద్దున్న చేరుతుంది. మధ్యాహ్నానికి వాళ్ళ హంతకుడు ఆ తలుపు తడతాడు. ఆ ఇల్లు మీ ఆవిడది."

మాస్టారు కాసేపు కిటికీ వైపు చూశాడు. కిటికీలో చూడ్డానికేమీ లేదు.

"ముందే చెప్పేస్తే?"

"ఆవిడ మన రేడియో వినేది గురువారం సాయంత్రం. అప్పటికి ఆలస్యమైపోతుంది."

"ఫిల్మ్‌ని ఆపేస్తే?"

"మనకు తెలిసిపోయిందని వాళ్ళకు తెలిసిపోతుంది. గంటలో ఇంకో దారిన పంపిస్తారు. ఫిల్మ్ వెళ్ళాలి. కానీ అబద్ధం మోసుకుని వెళ్ళాలి." పెద్దాయన ఒక చీటీ ముందుకు తోశాడు. "35-28-42. అదే ఊళ్ళో వాళ్ళ ముఠా నాయకుడి ఇల్లు. వాళ్ళలో ఎవరిల్లు ఎవరికీ చెప్పకూడదని రూలు. హంతకుడికి నంబరు తప్ప ఇంకేమీ తెలియదు. చదివి కాల్చెయ్."

"సొంతవాళ్ళ కేసులో మనం వేలు పెట్టకూడదని రూలు కదా సర్?"

"ఆ రూలు రాసింది నేనే. స్ఫటికాల గురించి తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఇంకొకడుంటే నీకు చెప్పేవాణ్ణే కాదు." తలుపు దాకా వచ్చి మరో మాట అన్నాడు. "ల్యాబ్ హెడ్ డాక్టరమ్మతో జాగ్రత్త. మన జాబితాలోనూ ఉంది, వాళ్ళ జాబితాలోనూ ఉంది. ఎవరి పక్షమో ఆ దేవుడికే తెలియాలి."

కింద పరికరాల గుమాస్తా లైటర్‌లో కెమెరా, బొత్తంలో రేడియో ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. డార్క్‌రూమ్‌లో లైటర్ వెలిగించకూడదని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మాస్టారు ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చున్నాడు. భార్యాభర్తలిద్దరిదీ ఒకే శాఖ. పెళ్ళయ్యాక పది నెలలు కలిసున్నారు. తర్వాత ఆమెను అవతలకి పంపారు. దానికి తొమ్మిదేళ్ళు. ఉత్తరం లేదు, ఫోను లేదు. ఏ ఊరో తెలుసు, ఏ వీధో తెలియదు. ఏడాదికొకసారి పెద్దాయన "క్షేమమే" అంటాడు. ఆ ఒక్క మాటతో మళ్ళీ ఏడాది గడపాలి. ఈ తొమ్మిదేళ్ళలో అతను ఏడిళ్ళు మారాడు. ప్రతి ఇంట్లోనూ బీరువాలో ఎడమ సగం ఖాళీగా ఉంచాడు.

కొత్త వేషం కట్టినప్పుడల్లా కొత్త గొంతు అభ్యాసం చేస్తాడు. డ్యూటీ కోసమని తనకు తాను చెప్పుకుంటాడు గానీ, ఇంట్లో ఇంకో గొంతు వినపడుతుందన్నదే అసలు సంగతి. ఆ సాయంత్రం టెక్నీషియన్ గొంతుతో "భోంచేశావా?" అని అడిగాడు. తన గొంతుతో "లేదు" అన్నాడు. తర్వాత ఇద్దరూ ఊరుకున్నారు.

మంగళవారం పొద్దున్న, నెరిసిన మీసం అంటించుకుని, ఒక కాలు కాస్త ఈడుస్తూ, ల్యాబ్‌లో కొత్త డార్క్‌రూమ్ మనిషిగా చేరాడు. డాక్టరమ్మ నలభై దాటినా చూపు తిప్పుకోనివ్వని మనిషి. తెల్లకోటు కింద ఎర్రపట్టు, చెవులకు పచ్చలు. అంత పెద్ద ల్యాబ్‌లో ఆమెతో పనికి మించి ఒక్క మాట మాట్లాడేవాళ్ళు లేరు. అందుకేనేమో, మాట వినేవాడు దొరకగానే పాఠం మొదలుపెట్టింది.

"స్ఫటికం అంటే ఏంటో తెలుసా?"

"మెరిసే రాయండి."

"మెరవక్కర్లేదు. ఒక చిన్న పెట్టె అనుకో. అందులో అణువులు ఒక పద్ధతిలో సర్ది ఉంటాయి. అదే పెట్టెని పక్కకి, వెనక్కి, పైకి కోట్లసార్లు పేర్చుకుంటూ పో. అదీ స్ఫటికం. ఆ పెట్టె పేరు యూనిట్ సెల్."

"మరి ఈ ఎక్స్‌రేలు దేనికండీ?"

"మామూలు వెలుగు అల చాలా పొడుగు. అణువుల మధ్య సందులు దానికి ఆనవు. ఎక్స్‌రే అల దాదాపు ఆ సందంతే ఉంటుంది. స్ఫటికంలో అణువులు పొరలు పొరలుగా ఉంటాయి కదా, ఒక్కో పొర నుంచీ కాస్త కాస్త వెనక్కొస్తుంది. కొన్ని కోణాల్లో ఆ అలలన్నీ అడుగులో అడుగేసి వస్తాయి. అక్కడ ఫిల్మ్ మీద చుక్క పడుతుంది. మిగతా చోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కోణం చూసి పొరల మధ్య దూరం చెప్పొచ్చు. చుక్కల నలుపు చూసి ఆ పెట్టెలో ఎవరెక్కడున్నారో చెప్పొచ్చు."

ఎవరెక్కడున్నారో చెప్పొచ్చు! మాస్టారు ఇదే పాఠం నాలుగేళ్ళు చెప్పాడు. ఇంత దిగులుగా ఎప్పుడూ వినలేదు.

ఆమె ఒక ఫిల్మ్ అందించింది. కోడిగుడ్డు తెల్లసొన నుంచి తీసిన ప్రోటీన్ స్ఫటికం ఫొటో. బూడిదరంగు ఫిల్మ్ మీద వందల నల్ల చుక్కలు, గళ్ళ కాగితంలా వరసలు కట్టి ఉన్నాయి.

"దీన్ని పావు వంతు తిప్పు. మళ్ళీ తిప్పు. ఎటు తిప్పినా అదే బొమ్మ. ఈ స్ఫటికం లక్షణం అది. ఒక మూల ఉన్న చుక్క మిగతా మూడు మూలలా ఉంటుంది."

మాస్టారు ఫిల్మ్‌ని అంచులతో పట్టుకుని, అలవాటుగా బొటనవేలితో మూల తడిమాడు. ఫిల్మ్ ఏ వైపు తిరిగి ఉందో తెలియడానికి ఒక మూల చిన్న ముక్క కత్తిరిస్తారు. అది తడిమేది చదువుకున్నవాళ్ళే. డాక్టరమ్మ చూసింది. ఏమీ అనకుండా ఫిల్మ్ తీసుకుని వెళ్ళిపోయింది.

పప్పులో కాలేశానని అతనికి అప్పుడే తెలిసింది. ఇంటికెళ్ళి ఆ బొటనవేలిని చాలాసేపు తిట్టుకున్నాడు. బదులు చెప్పేవాళ్ళెవరూ లేరు.

బుధవారం మూడుంబావుకు, ఫిల్ముల్ని విదేశానికి మోసుకెళ్ళే నీలం కోటు కొరియర్ మళ్ళీ ల్యాబ్‌లోకి వచ్చాడు. అతని చేతికి ఉంగరం, ఉంగరానికి రాయి లేదు, సన్నని సూది మొన ఉంది. పొద్దున్నే తను భూతద్దంతో పరీక్షించిన ఫిల్మ్‌ని డార్క్‌రూమ్ కిటికీలోంచి మాస్టారుకి ఇచ్చాడు.

"చివరిసారి కడిగి ఆరబెట్టు. నాలుగింటికి నేను వెళ్ళాలి."

తలుపు వేసుకోగానే మాస్టారు ఫిల్మ్‌ని దీపపు బల్ల మీద పరిచాడు. పల్చని కాగితం వేసి చుక్కలన్నీ గుర్తించాడు. కాగితాన్ని పావు వంతు తిప్పాడు. దొంగచుక్క ఉంటే దానికి జోడీ ఉండదు, ఇట్టే దొరికిపోతుంది. ఫిల్మ్ మీద దాదాపు ప్రతి చుక్కా కాగితం మీది గుర్తు కింద ఒదిగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మిగిలిన ఒకటీ అరా కూడా ఒదిగిపోయాయి. ఒక్క దొంగచుక్కా లేదు.

మూడున్నర. నుదుటి చెమటకి మీసం ఊడొస్తోంది. ఎక్కువైనదాన్ని వెతకడం పోలీసు బుద్ధి. ముసలాయన తేడా ఉందన్నాడు గానీ ఎక్కువుందని అనలేదు కదా! మాస్టారు ఈసారి చుక్కల్ని వదిలేసి కాగితం మీది గుర్తుల్ని చూశాడు. కుడివైపు పైమూలలో ఒక గుర్తు కింద ఏమీ లేదు. వెతికితే ఇంకొకటి, మరొకటి. మొత్తం ఆరు ఖాళీలు. స్ఫటికం సహజంగా వదిలేసిన చుక్క నాలుగు మూలల్లోనూ ఉండదు. ఈ ఆరూ మిగతా మూడు మూలల్లోనూ ఉన్నాయి. భూతద్దం పెట్టాడు. ఖాళీల దగ్గర ఫిల్మ్ బూడిదరంగుకు బదులు మరీ తెల్లగా ఉంది. ఎవరో బ్లీచ్‌లో బ్రష్ ముంచి చుక్కల్ని చెరిపేశారు, దాంతోపాటు వెనకున్న రంగూ పోయింది.

ఆరు వరసలు, వరసకో ఖాళీ. మధ్య గీత నుంచి లెక్కపెట్టాడు. మొదటి వరసలో రెండో చుక్క లేదు. రెండో వరసలో ఏడోది. తర్వాత ఒకటి, నాలుగు, ఆరు, మూడు.

27-14-63.

ఇరవై ఏడో వీధి. పద్నాలుగో ఇల్లు. అరవై మూడో వాటా. అరవై మూడంటే పైఅంతస్తు అయ్యుంటుంది. ఆమెకు మెట్లెక్కితే ఆయాసం. లిఫ్టుందో లేదో! తొమ్మిదేళ్ళుగా ఎవరినీ అడగకూడని ప్రశ్నకు జవాబు చంపబోయేవాళ్ళ చేతిమీదుగా వచ్చింది. అతనికి ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు కాబట్టి బ్రష్ తీశాడు.

అప్పుడే పక్కతలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ. చేతిలో చిన్న పిస్తోలు.

"మూల తడిమినప్పుడే అనుకున్నాను" అంది మెల్లిగా. "ఆ తెల్లమచ్చలు చూశావా?"

"చూశాను."

"కావాలనే వదిలాను. పైన బూడిదరంగు పూసి కప్పెయ్యడం నాకు రాక కాదు. సోమవారం పరీక్ష ఫిల్మ్ మీద మీ ముసలాయన కూడా చూశాడు. ఫోన్ దగ్గరికి పరిగెత్తాడు. వాడు చూశాడు." తలతో తలుపు వైపు చూపించింది.

"మీరే మార్చి ఉండొచ్చుగా?"

"ఏం పెట్టి మార్చను? నోటికొచ్చిన నంబరు పెడితే ఎవరో అమాయకుడి తలుపు తడతారు. నా దగ్గర చెయ్యి ఉంది, నంబరు లేదు. నీ దగ్గరుందా?"

నమ్మాలా వద్దా? నమ్మకపోతే భార్య చచ్చిపోతుంది. నమ్మితే చచ్చిపోవచ్చు. మాస్టారు నమ్మాడు.

"35-28-42."

ఆమె పిస్తోలు పక్కన పెట్టి బ్లీచ్ తీసుకుంది. అతను నల్లసిరా తీసుకున్నాడు. ఒకే ఫిల్మ్ మీద రెండు తలలు వంగాయి. ఆమె కొత్త ఖాళీలు చేస్తోంది. అతను పాతవి పూడుస్తున్నాడు. రెండు. ఏడు. ఒకటి. చేతికి దొరికిన ఒకే ఒక్క చిరునామాని తన చేత్తోనే, ఒక్కో అంకె చొప్పున, కనపడకుండా చేశాడు. ఆరో చుక్క దగ్గర బ్రష్ ఆగింది.

"ఎవరు?" అంది ఆమె తలెత్తకుండా.

"మా ఆవిడ."

"అదృష్టవంతురాలు. నాకైతే ఇలా చెరిపేవాళ్ళు కూడా లేరు. కానివ్వు, తొందరగా."

తలుపు మీద దబదబ బాదారు. "నాలుగైంది! తెరవండి!"

"తడి మీద తెరిస్తే ఫిల్మ్ మొత్తం నల్లబడిపోతుంది" అని గట్టిగా అరిచింది డాక్టరమ్మ. "నువ్వు బాధ్యత తీసుకుంటావా?"

బాదడం ఆగింది. కడగడం పూర్తయిన ఫిల్మ్‌ని నడిఎండలో పెట్టినా ఏమీ కాదు. మనుషుల్ని సూదితో చంపడం నేర్చినవాడికి ఫొటోలు కడగడం ఎవరూ నేర్పలేదు. ఆ రెండు నిమిషాల్లో ఆమె కొత్త ఖాళీల మీద బూడిదరంగు పూసింది, అతను వేడిగాలి పట్టాడు.

తలుపు తీయగానే కొరియర్ ఫిల్మ్‌ని దీపానికెత్తి వేలితో లెక్కపెట్టాడు. ఒకటి, రెండు... ఆరు. ఆరు ఖాళీలూ ఉన్నాయి. ఏ ఆరో మళ్ళీ చూసే ఓపిక లేదు, కింద కారు హారన్ కొడుతోంది. కవరులో పెట్టుకుని మెట్లు దిగాడు.

శుక్రవారం, తాళాల దుకాణం పైగదిలో పెద్దాయన చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"నిన్న మధ్యాహ్నం హంతకుడు వాళ్ళ నాయకుడి తలుపు తట్టాడు. చేతిలో తుపాకీతో అపరిచితుడు కనిపిస్తే నాయకుడు ఊరుకుంటాడా? ఇద్దరూ కాల్చుకున్నారు. ఇప్పుడు ఒకే ఆస్పత్రిలో, పక్కపక్క మంచాల మీద, పోలీసు కాపలాలో ఉన్నారు. కొరియర్‌ని తిరిగొస్తుండగా విమానాశ్రయంలోనే పట్టుకున్నాం. డాక్టరమ్మ మన పక్షమేనట. కనీసం ఈ వారానికి."

"మరి..." అన్నాడు మాస్టారు.

"క్షేమమే. సాయంత్రం రేడియో వింది. ఒక పెట్టె సర్దుకుని గంటలో ఇల్లు ఖాళీ చేసింది."

"ఎక్కడికి సర్?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. మాస్టారు ఇక అడగలేదు. ఇప్పుడు ఆమె ఇల్లు ఎక్కడో శత్రువులకు తెలియదు, మొగుడికీ తెలియదు. ఆఫీసు భాషలో దీన్ని సంపూర్ణ విజయం అంటారు.