లోపలి గడియ

వీధిలో అందరూ ఆ అక్కచెల్లెళ్ళను సూది, దారం అనేవారు. ఇద్దరూ టైలర్లు. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. "పిల్లాజెల్లా లేరు, మీకు సొంతిల్లెందుకమ్మా?" అని అడిగినవాళ్ళకు, "పడుకోవడానికి" అని అక్క వాత పెట్టినట్టు చెప్పేది. కుట్టీ కుట్టీ చివరికి రెండు గదుల ఇల్లు కొన్నారు. షాపుకు బయల్దేరేటప్పుడు అక్క తాళం వేసి లాగి చూసేది. కాస్త దూరం నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి లాగేది. ఆ చాదస్తానికి చెల్లెలు, అంటే దారం, పళ్ళు నూరేది.

ఏడాది తిరక్కుండానే అక్క పోయింది. ఇల్లు బావురుమంది.

"ఒక్కదానివి అక్కడేం చేస్తావక్కా? అమ్మేసి మా దగ్గరికొచ్చెయ్," అన్నాడు తమ్ముడు. సరేనంది. కొనేవాళ్ళు రేపు వస్తారు.

ఆ సాయంత్రం దారం షాపు కట్టేసి వచ్చి, తాళం తీసి తలుపు తోసింది. రాలేదు. లోపల గడియ పెట్టి ఉంది. ఆ ఇంటికి వేరే తలుపు లేదు.

కిటికీ సందులోంచి మిషన్ నూనె వాసన వచ్చింది. మిషన్లు రెండూ షాపులోనే ఉన్నాయి.

"అక్కా..." అని తలుపు తట్టింది.

లోపల చెప్పుల చప్పుడు. దగ్గరికొచ్చింది... తలుపవతల ఆగింది.

"తియ్యక్కా. ఒక్కదాన్నీ ఉండలేకే అమ్ముతానన్నాను. నువ్వుంటే నేనెక్కడికి పోతాను?"

గడియ జారింది.

లోపల ఎవరూ లేరు. తను మడతపెట్టి దాచిన దుప్పటి అక్క మంచం మీద పరిచి ఉంది. దారం ఒక అడుగు వెనక్కేసింది. కానీ ఇన్నాళ్ళకు తనకోసం తలుపు తీసే మనిషి ఇంట్లో ఉంది. ఆ దుప్పటిలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇల్లు అమ్మను. ఇంక నన్నొదిలి పోకక్కా," అని లేచి తలుపు వేసి గడియ పెట్టింది.

చెప్పులు మళ్ళీ నడిచాయి.

బయట...

గొళ్ళెం పడింది. తాళం నొక్కిన చప్పుడు. ఎవరో దాన్ని లాగి చూశారు. అడుగులు కాస్త దూరం పోయాయి... వెనక్కొచ్చాయి. మళ్ళీ లాగారు.

దారం గడియ తీసి తలుపు లాగింది. రాలేదు. "అక్కా, నన్నూ తీసుకెళ్ళు!" అడుగులు వీధి చివరికి వెళ్ళిపోయాయి.

ఇందాక తీసిన తాళం, చెవితో సహా, ఆమె గుప్పిట్లోనే ఉంది.