వెనక అద్దం మీద పేరు

పొద్దున్నే కారు కడగనిదే భీమరాజుకి టీ దిగదు. ఉప్పలగుప్తం దగ్గర చిన్న ఊరు వాళ్లది. అమలాపురం కార్ల స్టాండులో ఆయన తెల్ల అంబాసిడర్‌ని ఎరగని వాళ్లు లేరు. తన చొక్కాకి గుండీ ఊడినా ఊరుకుంటాడు గానీ, బంపరు మీద బురద చుక్క కనపడిందంటే ఆ రోజు ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. కిరాయికి ఎక్కినవాళ్లు ఏం చెప్పినా సరేనని మర్యాదగా "ఆయ్" అంటాడు. ఆ ఆయ్ గుమ్మం బయటే. ఇంట్లో పెళ్లాంబిడ్డలు దాన్ని ఒక్కసారి కూడా విన్న పాపాన పోలేదు.

ఆ రోజు పెరట్లో కొబ్బరి దింపు. దింపు తీసే సత్తియ్య నడుముకి కత్తి దోపుకుని ఎండెక్కకముందే వచ్చేశాడు. దింపు నాడు చెట్ల కింద మంచం వెయ్యరు, గేదెని కట్టరు, పిల్లల్ని ఆడుకోనివ్వరు. కోనసీమలో పుట్టినవాడికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. స్టాండులో తోటి డ్రైవర్లందరికీ "కొబ్బరి చెట్టు కింద బండి పెట్టకండి బాబూ" అని చెప్పే భీమరాజు మాత్రం నీడ కోసమని ఆ చెట్టు కిందే కారు పెట్టి తుడుస్తున్నాడు.

"ఏవండీ, కారు తీసి రోడ్డు మీద పెట్టండి. సత్తియ్య ఎక్కుతున్నాడు," వంటింట్లోంచి కేకేసింది భార్య వీరలక్ష్మి.

"తీస్తాలే. తుడవనీ."

వీరలక్ష్మి టీ గ్లాసు పట్టుకుని బయటికొచ్చింది. నిన్న సాయంత్రం నుంచి ఒక మాట ఆమె గొంతులోనే ఉండిపోయింది. మంచి సమయం చూసి చెబుదామనుకుంది. మొగుడి దగ్గర మంచి సమయమంటూ ఉండదని తెల్లారేసరికి తేల్చుకుంది.

"నిన్న కోర్టులో తీర్పు చెప్పేసేరటండీ. మన అనురాధకి విడాకులొచ్చేయి. పక్కింటి ఫోనుకి చేసి చెప్పింది. రెండు రోజులు వచ్చి ఉంటానంటోంది."

గుడ్డ పట్టుకున్న భీమరాజు చెయ్యి ఆగింది. "ఎక్కడికి?"

"ఎక్కడికేటండీ? మనింటికి."

"వద్దను. మొగుణ్ణి వదిలేసి వచ్చినదానికి ఇక్కడ పనేం లేదని చెప్పు."

"మీరు చెప్పండి. నా నోటితో నేను చెప్పను."

భీమరాజు తిరిగి చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో వీరలక్ష్మి అలా అనడం ఆయన ఎరగడు. ఆయనకి కోపం కంటే ముందు ఆశ్చర్యం వచ్చింది.

వాళ్లకి ఇద్దరు పిల్లలు. అబ్బాయి అయ్యప్ప ఓడలరేవులో గ్యాసు కంపెనీ కాంట్రాక్టరు దగ్గర పని చేస్తున్నాడు. అమ్మాయి అనురాధని రాజోలు వైపు ఇచ్చారు. అల్లుడు తాగుతాడు, తాగితే కొడతాడు. ఒకసారి పారిపోయి వచ్చేస్తే భీమరాజే తన కార్లో తీసుకెళ్లి అత్తారింట్లో దింపొచ్చాడు. రెండోసారి పారిపోయినప్పుడు అనురాధ పుట్టింటికి రాలేదు. రామచంద్రపురం పోయి, కాన్వెంటులో టీచరుగా చేరి, గది తీసుకుని ఉండిపోయింది. కేసు కూడా తనే వేసుకుంది.

టాక్సీవాళ్లందరిలాగే భీమరాజు కూడా కారు వెనక అద్దం మీద పిల్లల పేర్లు ఎర్ర రేడియంతో అంటించుకున్నాడు. అయ్యప్ప, పక్కన అనురాధ. కూతురు రామచంద్రపురం పోయిందని తెలిసిన వారంలోనే బ్లేడు తీసుకుని దాని పేరు గీకేశాడు. అప్పటినుంచి ఆ అద్దం ఒక పక్క ఎర్రగా, ఒక పక్క బోడిగా ఊరంతా తిరుగుతోంది. వీరలక్ష్మి దాన్ని చూడాల్సి వస్తుందని కారు ముందు నుంచే నడిచేది.

"భీమరాజుగారండీ! కారండీ, కారు!" పైనుంచి అరిచాడు సత్తియ్య.

"ఉండవయ్యా! ఇక్కడ మాట్లాడుతుంటే కనపట్టంలేదా?" తలెత్తకుండానే అని, భీమరాజు భార్య వైపు తిరిగాడు. "చూడు, నాకు స్టాండులో ఓ పరువుంది. నలుగురూ నన్ను..."

గెల అప్పటికే తెగింది. సత్తియ్య కాలు అడ్డం పెట్టినా ఆగలేదు. పెళపెళమని చప్పుడైంది. వెనక అద్దం పటికబెల్లం పలుకుల్లా సీటు నిండా రాలిపోయింది.

సత్తియ్య గబగబా దిగొచ్చేశాడు. "కేకేసేనండీ, నా తప్పు..."

"నీ తప్పేం లేదు సత్తియ్యా. నువ్వు కేకేసేవు, నేనూ కేకేసేను. ఈయన ఎవరి మాటా వినరు," అంది వీరలక్ష్మి. చీపురు తెచ్చి సీటు మీద ముక్కలన్నీ ఊడ్చింది. ఊడ్చి, నడుం నిలబెట్టి మొగుడి వైపు చూసింది.

"కొత్త అద్దం వేయిస్తారు కదా?"

"వేయించక?"

"దాని మీద రెండు పేర్లూ ఉండాలి."

"ఒక్క పేరే ఉంటది."

"అయితే అద్దమే వద్దు."

లోపలికెళ్లి ఆవపువ్వు రంగు బండార్లంక నేత చీర పట్టుకొచ్చింది. కట్టీ కట్టీ మెత్తబడిన చీర. రెండు వైపులా డోర్ల సందుల్లోంచి లాగి, అద్దం ఉండాల్సిన చోట అడ్డంగా బిగించి కట్టేసింది.

"నా కారుకి చీర కడతావా? నీకేమన్నా పిచ్చా?"

"ఆడపిల్ల పేరు ఉండకూడదన్నారు కదా. ఆడదాని చీర ఉంటుంది."

సత్తియ్య నవ్వు ఆపుకోవడానికి మళ్లీ చెట్టెక్కేశాడు. గోడల మీంచి ఇరుగుపొరుగు తలలు లేచాయి. పదిమందిలో పెళ్లాంతో చీర పట్టుకుని లాగులాడుకోలేక భీమరాజు విసురుగా వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అమలాపురంలో అద్దం వేయించేస్తే గొడవ వదిలిపోతుందనుకున్నాడు. వెనక డోరు తెరుచుకున్న చప్పుడైంది. వీరలక్ష్మి ఎక్కి కూర్చుంది.

"నువ్వెక్కడికి?"

"కారు ఎక్కడికెళ్తే అక్కడికి."

దిగమన్నాడు. దిగలేదు. అరిచాడు. కిటికీ అద్దం దించుకుని గాలి పోసుకుంటూ కూర్చుంది. చేసేదేం లేక కారు తీశాడు. దారి పొడుగునా చీర టపటపా కొట్టుకుంటుంటే ఎదురొచ్చే సైకిళ్లవాళ్లు దిగి మరీ చూశారు. అమలాపురంలో స్టాండు ముందు నుంచి పోతుంటే పాపారావని తోటి డ్రైవరు అడ్డమొచ్చి ఆపాడు.

"ఏటండీ భీమరాజుగారూ, కారుకి చీర కట్టేరేటండీ?"

భీమరాజు నోరు తెరిచేలోపే వెనక నుంచి సమాధానం వచ్చింది. "ఆయ్, నేనే కట్టేనండీ పాపారావుగారూ. మా అమ్మాయి పేరు అద్దమెక్కేదాకా ఇదే ఉంటుందండీ."

పరువు పరువని ఎక్కడ అంగలార్చాడో ఆ స్టాండులోనే భీమరాజు చెవులు ఎర్రబడ్డాయి.

ఎర్రవంతెన దగ్గర దేవదానం కార్ల అద్దాల షాపు ఉంది. దేవదానం మెతక మనిషి. కారునీ, చీరనీ, మొగుడూపెళ్లాల మొహాల్నీ చూసి ఏమీ అడక్కుండా పనిలో పడ్డాడు. చీర విప్పి మడతపెట్టి వీరలక్ష్మి చేతికిచ్చాడు. కొత్త అద్దం చుట్టూ రబ్బరు బీడింగు తొడిగి, ఆ బీడింగు గాడిలోకి చుట్టూతా తాడు దోపాడు. సబ్బునీళ్లు రాశాడు.

"అద్దాన్ని బయట నుంచి ఇద్దరం నొక్కిపట్టాలండీ. లోపల ఒకరు కూర్చుని తాడు లాగుతుంటే బీడింగు ఎక్కి కూర్చుంటదండీ. అమ్మగారూ, కాస్త మీరు దిగితే మా కుర్రాడు కూర్చుని..."

"నేను లాగుతాను, తాడివ్వండి," అంది వీరలక్ష్మి.

అద్దం ఎత్తి పెట్టారు. ఒక పక్క దేవదానం, ఒక పక్క భీమరాజు, చేతులు రెండూ చాపి నొక్కిపట్టారు. లోపల వీరలక్ష్మి సీటు మీద మోకాళ్లేసి, వెనక్కి తిరిగి కూర్చుంది. తాడు కొసలు రెండూ ఆమె చేతిలో ఉన్నాయి.

"ఆ, లాగండమ్మా," అన్నాడు దేవదానం.

వీరలక్ష్మి తాడుని గుప్పిటికి చుట్టుకుంది. "లాగను."

"ఏటే ఇది!" భీమరాజు గొంతు పెంచాడు. వదిలితే అద్దం జారి బద్దలవుతుంది. వదల్లేడు. భార్య మొహం గాజుకి అవతల జానెడు దూరంలో ఉంది. తప్పించుకుని ఎక్కడికీ పోలేని చోట దొరికాడు.

"రెండు పేర్లూ అంటిస్తానని చెప్పండి. లాగుతాను."

"నలుగుర్లో నా పరువు తీస్తున్నావు."

"పరువా? నా కూతురు మీ స్టాండుకొచ్చి ఈ సీట్లోనే కూర్చుంది కదండీ ఆ రోజు? కట్టుబట్టలతో. పెదవి చిట్లి. ఇంటికి తీసుకుపో నాన్నా అంది. మీరు సరే అన్నారు. సరే అని కారు రాజోలు దారి పట్టించేరు. అది ఎంత ఏడ్చుంటుందండీ ఈ సీట్లో? నాకు మీరు వచ్చి చెప్పేదాకా తెలీదు. తెలిస్తే ఆ రోజే కారుకి అడ్డంగా పడుకుందును."

భీమరాజు అద్దాన్ని ఇంకాస్త గట్టిగా నొక్కిపట్టాడు.

"అంతా చేసింది చాలక దాని పేరు బ్లేడు పెట్టి గీకేరు. చచ్చిపోయినవాళ్ల పేర్లు కూడా ఉంచుకుంటారండీ కార్ల మీద! బతికున్న పిల్ల పేరు గీకేరు మీరు!"

"పరువు కోసం గీకలేదే," అన్నాడు భీమరాజు. "దాన్ని అక్కడ దింపి బండి తిప్పేను. లోపలి అద్దంలో చూస్తే వాళ్ల గేటు దగ్గర నిలబడే ఉంది. ఏడవలేదు, చెయ్యి ఊపలేదు. ఊరికే చూస్తా నిలబడింది. ఈ పేరేమో వెనక అద్దం మీద ఉందా? డ్రైవరు అద్దంలో చూస్తే తిన్నగా చదవొస్తది. అనురాధ అని. అప్పటినుంచి బండి తీసి అద్దంలో చూస్తే చాలు, ఆ పేరూ, దాని వెనక ఆ పిల్లా. రోజుకెన్నిసార్లు చూస్తానే ఆ అద్దంలో? అది మళ్లీ పారిపోయిందంటే, మన గడప కూడా తొక్కకుండా పోయిందంటే, ఇంక నా వల్ల కాలేదు. గీకేసేను. పరువుకని అందరూ అనుకున్నారు. అనుకోనీలే అనుకున్నాను."

కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. గాజుకి అవతల వీరలక్ష్మి కూడా ఏడుస్తోంది. కానీ గుప్పిట మాత్రం వదల్లేదు.

"కనపడకపోతే అయిపోతుందనుకున్నారా? కనపడాలండీ. బండి తీసిన ప్రతిసారీ మీకు కనపడాలి. అందుకే అంటించాలి."

"అది నా మొహం చూస్తదంటావా?"

"చూడకపోవచ్చు. తిట్టొచ్చు కూడా. మీరెళ్లి నిలబడండి."

"భీమరాజుగారండీ," నీరసంగా అన్నాడు దేవదానం, "ఏదో ఒకటి చెప్పేయండి. చేతులు లాగేస్తన్నాయండీ."

"అంటించు దేవదానం. రెండు పేర్లూ అంటించు. అమ్మాయి పేరే ముందు."

వీరలక్ష్మి తాడు లాగింది. బీడింగు టకటకా ఎక్కి కూర్చుంది.

పేర్లు అంటించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఇంటికి పోనివ్వమని ఆమె అనలేదు, ఆయన అడగలేదు. ముక్తేశ్వరం రేవులో కారుని పంటు ఎక్కించి, గోదావరి దాటి కోటిపల్లిలో దిగి, రామచంద్రపురం చేరేసరికి కాన్వెంటు వదిలే వేళయింది. అనురాధ అప్పుడే గది తాళం తీస్తోంది. కారు చప్పుడు ఆమెకి చిన్నప్పటినుంచీ తెలిసిందే. గుమ్మంలోనే ఆగి తిరిగి చూసింది.

తల్లిని చూసింది, తండ్రిని చూసింది. ఎవరితోనూ మాట్లాడకుండా కారు వెనక్కి వెళ్లింది. ఎర్ర అక్షరాల్లో తన పేరు. ఒక్కో అక్షరాన్నీ వేలితో తడుముకుంది.

"రామ్మా," భీమరాజు వెనక డోరు తెరిచి పట్టుకున్నాడు.

"ఆ సీట్లో నేను కూర్చోను."

డోరు పట్టుకున్న చెయ్యి జారిపోయింది. ఆయన తల దించుకున్నాడు. "తప్పు చేసేనమ్మా. ఇంటికని ఎక్కించుకుని... తప్పు చేసేను."

"ఔను నాన్నా, తప్పే," అంది అనురాధ. ఆమె కళ్లు నిండిపోయాయి గానీ గొంతు వణకలేదు. "గేటు దగ్గర ఎందుకు నిలబడ్డానో తెలుసా? నువ్వు వెనక్కి తిప్పుతావని. మలుపు దాటేదాకా అనుకున్నాను."

భీమరాజు నిలువునా ఏడ్చేశాడు. నడివీధిలో, పదిమంది చూస్తుండగా. వీరలక్ష్మి వెళ్లి ఓదార్చలేదు. ఏడవనిచ్చింది.

అనురాధ లోపలికెళ్లి చిన్న సంచి సర్దుకొచ్చింది. ముందు డోరు తనే తీసుకుని తండ్రి పక్క సీట్లో కూర్చుంది. ఆయన కండువాతో మొహం తుడుచుకుని స్టీరింగు ముందుకొచ్చాడు. వీరలక్ష్మి వెనక ఎక్కింది.

"ఎక్కడికి తీసుకెళ్తున్నావు?" అడిగింది అనురాధ.

"ఇంటికమ్మా."

"రెండు రోజులే ఉంటాను. సోమవారం బడుంది. మళ్లీ తీసుకొచ్చి ఈ గది దగ్గరే దింపాలి. ఎవరేమన్నా సరే, దారి మార్చకూడదు."

భీమరాజు లోపలి అద్దంలోకి చూశాడు. కూతురి పేరు తిన్నగా కనపడింది. చూపు తప్పించుకోలేదు.

"ఆయ్," అన్నాడు.

వెనక సీట్లో వీరలక్ష్మి ఒళ్లో ఉన్న చీర మడత తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది.